రాష్ట్ర పక్షి పాలపిట్ట పరిరక్షణలో విద్యార్థుల పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

విజయదశమి నాటి సాయంత్రం ఊరి పొలిమేరలోని జమ్మిచెట్టు వద్దకు వెళ్లి, ఆకును 'బంగారం'గా పంచుకొని, పాలపిట్టను చూసి ఇంటికి చేరడం తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. అజ్ఞాతవాసం ముగించిన పాండవులు జమ్మిపై దాచిన ఆయుధాలను తీసుకొని వస్తుండగా ఈ పక్షి కనిపించిందని, అది మొదలు వారికి విజయాలు సిద్ధించాయని పెద్దలు చెబుతారు. రావణునిపై యుద్ధానికి బయలుదేరిన శ్రీరామునికి ఇదే పక్షి ఎదురైందన్న కథ కూడా ప్రచారంలో ఉంది. రాష్ట్రం ఏర్పడిన 2014వ సంవత్సరం నవంబరులో ప్రభుత్వం నాలుగు అధికారిక చిహ్నాలను ప్రకటించింది. పాలపిట్ట రాష్ట్ర పక్షి, జమ్మి రాష్ట్ర వృక్షం, బతుకమ్మలో పేర్చే తంగేడు రాష్ట్ర పుష్పం అయ్యాయి. ఈ పండుగ రోజులతో సంబంధం లేనిది నాలుగవ చిహ్నమైన జింక ఒక్కటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కూడా పాలపిట్టే రాష్ట్ర పక్షిగా ఉండేది. విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. కర్ణాటక, ఒడిశా రాష్ట్రాలు పాలపిట్టనే తమ రాష్ట్ర పక్షిగా గౌరవిస్తున్నాయి.

ఇంతటి గౌరవం పొందిన పక్షికి ఆ గౌరవమే ప్రాణసంకటంగా పరిణమించడం విచారకరం. పట్టణాలలో ఖాళీ స్థలాలు, పాత చెట్లు తగ్గి పాలపిట్ట కనిపించడం అరుదైన కొద్దీ, దానిని పట్టి పంజరంలో ఉంచి, వీధులలోను, ఆలయాల వద్దను చూపించి డబ్బు తీసుకునే పద్ధతి పుట్టింది. పండుగకు కొన్ని రోజుల ముందే పక్షులను పట్టి, ఎగిరిపోకుండా కాళ్లు కట్టడం, రెక్కలు కత్తిరించడం లేదా జిగురుతో అతికించడం జరుగుతోంది. పాలపిట్ట గింజలు తినే పక్షి కాదు. ప్రాణంతో కదిలే పురుగులను వేటాడి తింటుంది. పంజరంలో చల్లే బియ్యం, జొన్నలు దానికి ఆహారం కావు. ఈ కారణంగా దర్శనం ముగిసే నాటికి అనేక పక్షులు తిండి లేక నీరసించిపోతాయి. తర్వాత వదిలిపెట్టినా, రెక్క పాడైన పక్షి వేటాడలేదు. దసరా రోజుల్లో హైదరాబాద్‌లో అటవీ శాఖ సిబ్బంది, జంతు సంక్షేమ సంస్థల కార్యకర్తలు ఇటువంటి పంజరాలను స్వాధీనం చేసుకున్న వార్తలు పలు సంవత్సరాలలో పత్రికలలో వచ్చాయి.

పంజరం పట్టినవాడు ఒక్కడే దోషి అనుకోవడం సరికాదు. డబ్బిచ్చి చూసేవారు ఉన్నంత కాలం పట్టేవారు ఉంటారు.

చట్టం ఏమి చెబుతోంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో రూపొందింది. పాలపిట్టల కుటుంబం మొదట ఆ చట్టం నాల్గవ షెడ్యూలులో ఉండేది. 2022లో చేసిన సవరణ, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, షెడ్యూళ్ల సంఖ్యను తగ్గించి జాబితాలను తిరగరాసింది. చట్టం 9వ సెక్షను వన్యప్రాణుల వేటను నిషేధిస్తోంది. 'వేట' అనగానే తుపాకీ, రక్తం గుర్తుకు రావడం సహజం. కాని చట్టంలోని నిర్వచనం చాలా విస్తృతమైనది. చంపడంతో పాటు పట్టుకోవడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, ఎర చూపడం, ఇందుకు చేసే ప్రతి ప్రయత్నం కూడా వేటే. పక్షుల విషయంలో మరొక అడుగు ముందుకు వేసి, గుడ్లను పాడుచేయడాన్ని, గూటిని కదిలించడాన్ని సైతం వేటగానే పరిగణించింది. 51వ సెక్షను కింద సాధారణ నేరానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. సవరణకు ముందు ఈ జరిమానా పరిమితి 25 వేల రూపాయలు మాత్రమే.

దసరాకు పాలపిట్టను పంజరంలో చూపడం సంప్రదాయం కిందకు వస్తుందని, దానికి మినహాయింపు ఉన్నదని కొందరిలో అపోహ ఉంది. చట్టంలో అటువంటి మినహాయింపు లేదు. సంప్రదాయం సైతం పంజరాన్ని కోరలేదు. పాండవులకైనా, శ్రీరామునికైనా పక్షి స్వేచ్ఛగా ఎగురుతూ ఎదురైందనే కథ చెబుతోంది.

బుగ్గారం పొలాలలో

బుగ్గారం మండలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల జిల్లాలోనిది. అంతకు ముందు ఈ ప్రాంతం కరీంనగర్ జిల్లాలో భాగం. ఉత్తరాన ధర్మపురి వద్ద గోదావరి, జిల్లా గుండా సాగే శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ, చెరువులు, వరి, మొక్కజొన్న, పసుపు చేలు, మామిడి తోటలు, వాటి మధ్య తాటి, ఈత చెట్లు ఈ ప్రాంతానికి గుర్తులు. దసరా నాటికి మొక్కజొన్న కోతలు సాగుతుంటాయి, వరి పొట్ట దాటి కంకి మీద ఉంటుంది. ఇటువంటి విశాలమైన పొలమే పాలపిట్టకు నచ్చిన చోటు. కరెంటు తీగ మీదనో, మోటరు గుడిసె పక్కన మోడు మీదనో కదలక కూర్చొని నేలను గమనిస్తుంది. మిడత, కీచురాయి, పేడపురుగు కనబడగానే నేలకు దిగి పట్టి మళ్లీ అదే చోటికి చేరుతుంది. చిన్న కప్పలను, తొండలను కూడా తింటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో సాదాగా కనబడే ఈ పక్షి రెక్క విప్పితే లేత, ముదురు నీలాలు మెరుస్తాయి. దీనికి నీలకంఠమనే పేరు కూడా ఉంది. వాస్తవానికి దీని కంఠం నీలంగా ఉండదు, గోధుమ ఛాయలో లేత గీతలతో ఉంటుంది. మెడ చూసి కాక, ఎగిరినప్పుడు రెక్క చూసి గుర్తుపట్టాలని పిల్లలకు చెప్పవలసి ఉంటుంది.

మొక్కజొన్న, జొన్న చేలలో మంచె మీద నుంచి వడిసెల తిప్పి చిలుకలను తోలడం రైతుకు తప్పదు. పాలపిట్ట గింజ ముట్టదు. అది తినేది పైరును తినే పురుగును. పైరులో అక్కడక్కడ 'టి' ఆకారపు కర్రలు నాటి పక్షి స్థావరాలు ఏర్పాటు చేయాలని సమగ్ర సస్యరక్షణలో వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తుంటారు. పాలపిట్ట, గోరింక వంటి పురుగు తినే పక్షులు వాటిపై వాలి వేటాడతాయి. రెండు కర్రముక్కలు, ఒక మేకు సరిపోయే పని ఇది. జగిత్యాల సమీపంలోని పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. విద్యార్థులు ఏ పురుగు పైరుకు శత్రువు, ఏ పక్షి రైతుకు మిత్రువు అన్నది ఇటువంటి చోట నేరుగా తెలుసుకునే వీలుంది.

గూడు విషయంలో పాలపిట్ట పూర్తిగా ఇతరులపై ఆధారపడిన పక్షి. తానుగా పుల్లలు పేర్చి గూడు కట్టదు. మార్చి నుంచి జూన్ వరకు చెట్టు తొర్రలలో, ముఖ్యంగా తల విరిగి ఎండిన తాటిమొండేలలో మూడు నుంచి ఐదు తెల్లని గుడ్లు పెడుతుంది. చిలుకలు, గోరింకలు, గుడ్లగూబలు కూడా ఇటువంటి తొర్రల కోసమే పోటీ పడతాయి. ఎండిన తాటిమొండెం రైతుకు పనికిరానిదిగా, పొయ్యిలోకి కట్టెగా కనిపిస్తుంది. దానిని కొట్టివేయడమంటే నాలుగైదు జాతుల పక్షులకు ఇల్లు లేకుండా చేయడమేనన్న సంగతి చాలామందికి తెలియదు.

లెక్కించినందువల్లనే తెలిసింది

ఈ ప్రాంతపు పక్షులపై శాస్త్రీయమైన తొలి విస్తృత సర్వే 1931-32లో జరిగింది. నిజాం ప్రభుత్వ సహకారంతో డాక్టర్ సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతటా తిరిగి పక్షులను నమోదు చేశారు. ఆ నివేదికలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. బాలుడిగా ఉన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పసుపు గొంతు పిచ్చుక ఏ జాతిదో తెలుసుకోవడానికి 1908లో ఆ సొసైటీ గడప తొక్కినప్పటి నుంచి సలీం అలీ పక్షి అధ్యయనం మొదలైంది. పక్షిని కొట్టిన పిల్లవాడే పక్షి శాస్త్రవేత్త అయిన ఈ సంగతి చేతిలో గులేరుతో తిరిగే పిల్లలకు చెప్పదగినది. ఆయన జన్మదినమైన నవంబరు 12ను దేశంలో పక్షుల దినంగా పాటిస్తున్నారు.

2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దాదాపు 30 వేల మంది పక్షి వీక్షకులు పంపిన మూడు కోట్లకు పైబడిన నమోదులు దానికి ఆధారం. వీరిలో ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు ఉన్నారు. సర్వసాధారణమని భావించే పక్షులలో 14 జాతులు 30 శాతం లేదా అంతకు మించి తగ్గినట్లు నివేదిక తేల్చింది. వీటిలో పాలపిట్ట ఒకటి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో ఈ జాతుల స్థాయిని పునఃపరిశీలించాలని కూడా సిఫారసు చేసింది. రోజూ తీగ మీద కనిపించే పక్షి తగ్గిపోతున్నదని కంటికి తెలియదు. ఏటేటా లెక్కిస్తేనే తెలుస్తుంది.

ఈ లెక్కకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఉత్తర అమెరికాలో 1998లో మొదలై, మన దేశంలో 2013 నుంచి జరుగుతున్న పెరటి పక్షుల గణన ఫిబ్రవరిలో నాలుగు రోజులు సాగుతుంది. ఎవరైనా ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు నిలిచి, చూసిన జాతులను, సంఖ్యను 'ఈ-బర్డ్' అనే ఉచిత వేదికలో నమోదు చేయవచ్చు. నీటి పక్షులకు జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి జరుగుతోంది. పక్షి వీక్షకులు నగరాల చుట్టూ ఎక్కువగా ఉంటారు గనుక, బుగ్గారం వంటి మండలం నుంచి వెళ్లే ఒక్కొక్క జాబితాకు నగరపు జాబితా కంటే విలువ ఎక్కువ. సున్నా కూడా లెక్కే. పాలపిట్ట కనిపించని రోజును జాబితా నుంచి తీసివేస్తే లెక్క తప్పుతుంది.

లెక్కకు ముందు గుర్తింపు సరిగా ఉండాలి. తీగ మీద కూర్చున్న లకుముకి పిట్టను పాలపిట్టగా పొరబడడం పెద్దలలోనూ ఉంది. రెండింటి రెక్కల మీదా నీలం ఉండడమే దీనికి కారణం. లకుముకికి పొడవైన ఎర్రని ముక్కు, చాక్లెట్ రంగు తల, తెల్లని రొమ్ము ఉంటాయి. పాలపిట్ట ముక్కు నల్లగా, పొట్టిగా ఉంటుంది. ఒక పీరియడులో నేర్పదగిన ఈ తేడా తెలియకనే ఎన్నో దసరా దర్శనాలు లకుముకితో ముగుస్తుంటాయి. దాని వల్ల పుణ్యానికి లోటు ఉంటుందో లేదో గాని, లెక్కకు మాత్రం లోటు వస్తుంది.

పాఠశాల, సెలవులు

పర్యావరణ విద్యను అన్ని స్థాయిలలో బోధించాలని ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఆదేశించింది. ఆదేశం సరిగా అమలు కాలేదని తేలడంతో 2003 డిసెంబరు 18న, జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి రూపొందించిన పాఠ్యప్రణాళికను అన్ని రాష్ట్రాలు పాఠశాలల్లో అమలు చేయాలని మళ్లీ ఉత్తర్వులు ఇచ్చింది. ఈలోగా 2001-02లో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ జాతీయ హరిత దళాన్ని ప్రారంభించింది. 30 నుంచి 50 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు ఉండే ఎకో క్లబ్బులు దీనికి పునాది. మొక్కలు నాటడం, వ్యాసరచన, చిత్రలేఖనం, ర్యాలీలు ఈ క్లబ్బులలో ఎక్కువగా కనిపించే కార్యక్రమాలు. పక్షి విషయంలో మాత్రం ఒక చిక్కు ఉంది. ర్యాలీలు పాఠశాల పని దినాలలో జరుగుతాయి, పక్షికి ప్రమాదం సెలవులలో వస్తుంది.

దసరాకు పాఠశాలలకు సుమారు రెండు వారాల సెలవులు. పాలపిట్టలను పట్టేది ఆ రోజుల్లోనే. సంక్రాంతికి మళ్లీ సెలవులు. గాలిపటాల నైలాన్ మాంజా తీగలకు, చెట్లకు చిక్కుకొని పక్షుల రెక్కలు తెగేది అప్పుడే. ఈ మాంజాను తెలంగాణ ప్రభుత్వం 2016 జనవరిలో నిషేధించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులై 11న దేశమంతటా నిషేధించింది. ఇక వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు. తాటి తొర్రలో పాలపిట్ట పిల్లలు ఉండేది సరిగ్గా ఆ నెలల్లో. క్లబ్బు బాధ్యత చూసే ఉపాధ్యాయుడు అప్పుడు స్వగ్రామంలో ఉంటాడు. పిల్లలు మాత్రం ఊళ్లోనే, చెట్ల కింద, చెరువు గట్ల మీద ఉంటారు. పంజరంతో వచ్చినవాడిని మొదట చూసేది వారే. ఏ మొండెంలో తొర్ర ఉన్నదో తెలిసిందీ వారికే. తొర్రలో చేయి పెట్టేదీ వారే.

కాబట్టి పని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే జరగవలసి ఉంటుంది. పాలపిట్టను, లకుముకిని వేరుచేసి చూడడం, దసరా రోజున ఊరి వారికి పాలపిట్ట సహజంగా కనిపించే చోట్లను ముందుగానే గుర్తించి ఉంచడం, పంజరం కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలిసి ఉండడం ఇందులో ముఖ్యమైనవి. పిల్లలు పంజరం మోసేవానితో తగాదాకు దిగరాదు. పక్షిని తామే విడిపించే ప్రయత్నం అంతకన్నా చేయరాదు. రెక్కలు దెబ్బతిన్న పక్షిని గాలిలోకి విసిరితే చనిపోతుంది. తల్లిదండ్రులకో, ఉపాధ్యాయునికో, గ్రామ పంచాయతీకో చెబితే వారు అటవీ సెక్షన్ అధికారికి లేదా పోలీసులకు తెలియజేస్తారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో ఉండి పండుగకు సొంత ఊరికి వచ్చే బంధువులను పొలం గట్టుకు తీసుకువెళ్లి తీగ మీది పక్షిని చూపడం పల్లె పిల్లలు చేయగలిగిన పని. పట్టణంలో డబ్బు పెట్టి చూసే దర్శనం ఇక్కడ నడిచి వెళ్లి చూసినందుకే దొరుకుతుంది.

బయటి అనుభవాలు

ఆచారంగానో, ఆదాయంగానో పాతుకుపోయిన వేట తక్కువ కాలంలో ఆగిన ఉదాహరణ దేశంలో ఉంది. నాగాలాండ్ వోఖా జిల్లాలోని దోయాంగ్ జలాశయం వద్దకు ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో లక్షలాది అముర్ డేగలు వలస వస్తాయి. పంగ్టీ తదితర గ్రామాలవారు వలలు పన్ని, ఒక్క సీజనులోనే లక్షకు పైగా పక్షులను పట్టి అమ్ముతున్నట్లు 2012లో వెలుగులోకి వచ్చింది. గ్రామ మండళ్లు నిషేధ తీర్మానాలు చేశాయి. వల పట్టే కుటుంబాల పిల్లల కోసం ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. 2013లో అక్కడ వల పన్నడం నిలిచిపోయింది. వేట మీద బతికే కుటుంబాలున్న చోట ఇది సాధ్యమైంది. పాలపిట్టల పట్టివేత ఏడాదిలో కొద్ది రోజులు కొద్దిమంది చేసే పని. దానిని ఆపడం అంతకన్నా సులువు కావాలి.

తెలుగు నేలపై మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ పాఠశాల చాలా కాలంగా పక్షి అధ్యయనాన్ని పిల్లల చదువులో భాగం చేసింది. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పక్షులపై ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ రచించిన గ్రంథం 1993లో వెలువడింది. వనరులు గల ఆవాస పాఠశాలతో మండల కేంద్రంలోని ప్రభుత్వ పాఠశాలను పోల్చడం న్యాయం కాదు. బైనాక్యులర్లు అందరికీ అందవు. అయితే పావురమంత ఉండి, తీగ మీద బహిరంగంగా కూర్చునే పాలపిట్టను చూడడానికి బైనాక్యులర్ అక్కరలేదు.

విశ్వాసం పక్షిని కాపాడిన చోట్లు కూడా తెలుగువారికి కొత్త కావు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు గ్రామాలలో కొంగలు, గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఆ పక్షుల రాకను తేలినీలాపురం గ్రామస్థులు శుభసూచకంగా భావించి వాటికి హాని జరగనివ్వరు. అక్కడ శుభం పక్షి స్వేచ్ఛగా రావడంలో ఉంది. పంజరపు దర్శనంలో లేనిది అదే.

పాత్రికేయులు దసరా సందర్భంగా పాలపిట్ట చిత్రాన్ని ప్రచురించేటప్పుడు, పంజరంలోని లేదా చేతిలో పట్టుకొన్న పక్షి చిత్రాన్ని వాడకపోవడం మంచిది. అటువంటి చిత్రం కింద చట్టం గురించి ఎంత రాసినా పాఠకునికి గుర్తుండేది చిత్రమే. గూటి వద్ద తీసిన చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. గూటిని కదిలించడం నేరమని చెప్పే వార్త పక్కన గూట్లోకి కెమెరా పెట్టి తీసిన ఫొటో ఉండరాదు.

మండల స్థాయిలో విద్యా, అటవీ, పంచాయతీ శాఖలు కలిసి చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. ఊరి సరిహద్దులో తొర్రలున్న తాటిమొండేలు, పాత చెట్లు ఎన్ని, ఎవరి భూమిలో ఉన్నాయి, ఏ ఏడాది ఏ పక్షి వాటిలో గూడు పెట్టింది అన్న వివరాలతో ఒక రిజిస్టరును ఎకో క్లబ్బు వద్ద ఉంచవచ్చు. దీనికి చెట్టు ఎక్కవలసిన పని లేదు. దూరం నుంచి పదిహేను నిమిషాలు చూస్తే తొర్రలోకి ఏ పక్షి వస్తున్నదో, పోతున్నదో తెలుస్తుంది. చెట్టు యజమానికి ఆ సంగతి చెప్పి, గూడు ఖాళీ అయ్యే వరకు కొట్టవద్దని కోరడం తర్వాతి మెట్టు. పదవ తరగతి ముగించిన విద్యార్థులు ఊరు విడిచి జగిత్యాలకో, కరీంనగర్‌కో చదువుకు వెళ్లేటప్పుడు ఆ రిజిస్టరు పాఠశాలలోనే ఉండాలి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో దానిని ఆరవ తరగతిలో కొత్తగా చేరిన వారికి చూపించి, వేసవిలో ఏ మొండెం నిలిచింది, ఏది పోయింది అన్నది వారిచేతనే రాయించవచ్చు.